గొట్టానికి మూత

మూత మళ్ళీ మా ఆయన చొక్కా జేబులోనే దొరికింది.

బట్టలు నానబెట్టే ముందు జేబులు తడమడం నాకు అలవాటు. మేత బస్తాకి కట్టే పురికొస ముక్క, నలిగిన అగ్గిపెట్టె, వాటి మధ్య చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దదైన ఎర్రటి ప్లాస్టిక్ మూత. వరండాలో నా కూతురు సాయిదుర్గ బొమ్మకి తల దువ్వుతోంది. దాని మెడలో గొట్టం ఉంది. ఆ గొట్టానికి పొద్దున్న నా చేత్తో నేను పెట్టిన మూత మాత్రం లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ చొక్కాని బకెట్లో వేసి, చొక్కా కాదు మనిషే అనుకుని కుమ్మాను.

ఈ గొట్టం సంగతి చెప్పాలి. సాయిదుర్గ నెలలు నిండకుండా పుట్టింది. నోట్లోంచి గొంతులోకి గొట్టం వేసి వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉంచారు. ప్రాణం నిలబడింది గానీ, గొట్టం రాసుకుని రాసుకుని గొంతు లోపల పుండు పడింది. ఆ పుండు మానేటప్పుడు గాలి వెళ్ళే దారి సన్నబడి మూసుకుపోయింది. అందుకని మెడ కింది భాగంలో చిన్న రంధ్రం చేసి, అందులోంచి వంపు తిరిగిన గొట్టం దించారు. ట్రెకియాస్టమీ అంటారు దాన్ని. గాలి మెడ దగ్గరే లోపలికి, మెడ దగ్గరే బయటికి. మాట పుట్టే చోటుకి గాలి తగలదు కాబట్టి మాట లేదు. పిల్ల ఏడ్చినా చప్పుడు రాదు. చప్పుడు లేకుండా ఏడ్చే పిల్ల ఉన్న ఇంట్లో తలుపులు వేసుకోవడం కుదరదు. ఆరేళ్ళుగా మా ఇంట్లో ఏ తలుపూ మూయలేదు.

దాని నోరు నేనే. అది పెదాలు కదిపితే నేను చదివి లోకానికి చెప్తాను. కొట్లో, బస్సులో, చుట్టాల ఇళ్ళల్లో ఎవరు దాన్ని ఏమడిగినా జవాబు నాది. 'పాపకేమైందండీ?' అని అడగనివాళ్ళు లేరు, మొత్తం కథ చెప్పకుండా నేను వదిలిన వాళ్ళూ లేరు. అది ఒక్క మాటకి పెదవి కదిపితే నేను పది చెప్తానని మా ఆయన దెప్పుతుంటారు.

ఈ ఎండాకాలంలో ఏలూరులో డాక్టర్ గుల్నాజ్ గారు పిల్లకి మత్తిచ్చి, గొంతులోకి కెమెరా దించి చూశారు. అడ్డంగా పెరిగిన కండ తీసి దారి వెడల్పు చేశారు. పెద్ద గొట్టం తీసేసి సన్నది వేశారు. తరవాత దానికి ఈ ఎర్ర మూత పెట్టారు.

"ఇకనుంచి పగలంతా మూత పెట్టి ఉంచండమ్మా. ఇన్నాళ్ళూ మెడతో పీల్చింది, ఇప్పుడు ముక్కుతో నోటితో పీల్చడం నేర్చుకోవాలి. పగలంతా తట్టుకుందంటే ఇక్కడ చేర్చుకుని ఒక రాత్రి కూడా చూస్తాను. బాగుంటే గొట్టం తీసేద్దాం," అన్నారు.

ఎప్పుడు భయపడాలో కూడా చెప్పారు. పక్కటెముకల మధ్య గుంటలు పడితే, పెదాలు నీలంగా మారితే, ఊపిరి కూతలా వినపడితే, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే క్లిప్పులో అంకె పడిపోతే వెంటనే మూత తీసేయాలి. "ఊరికే నోరు తెరుచుకుని పీలిస్తే మాత్రం కంగారు పడకండి. కొత్త కదా," అన్నారు. ఆవిడ ఆ మాట అంటుండగానే సాయిదుర్గ నా కొంగు లాగింది. పెదాలు చూడబోయాను. చూసే పని లేకపోయింది.

"ఉప్మా వద్దు," అంది. బొంగురుగా, డబ్బాలో గులకరాళ్ళు కదిలించినట్టుగా. ఇన్నేళ్ళుగా ప్రతి పొద్దుటా ఉప్మా తినిపించానే, ఇష్టం లేదని ఆ రోజే తెలిసింది. నేను ఆసుపత్రి వరండాలో కూలబడి ఏడ్చాను.

మా ఆయన ఆ రోజు రాలేదు. మండవల్లి దగ్గర మాకు చేపల చెరువుంది. ఆ రోజు పట్టుబడి, చేపలు పట్టి లారీకి ఎక్కించే రోజు. ఇంటికి వచ్చాక డాక్టరు చెప్పినవన్నీ అన్నం పెడుతూ ఆయనకి చెప్పాను. ఊఁ కొట్టారు. బాపిరాజు గారి ఊఁకి అర్థం లేదని పెళ్ళైన కొత్తలోనే తెలుసుకోవలసింది.

ఆ తరవాత పిల్లకి మూతంటే బెదురు పట్టుకుంది. నేను దగ్గరున్నంతసేపూ బాగానే ఉండేది. నేను అటు తిరిగి ఇటు తిరిగేసరికి మూత ఊడిపోయి ఉండేది. రోజులు గడిచేకొద్దీ మూత చేతిలోకి తీసుకుంటే చాలు, మెడ రెండు చేతులా మూసుకుని మంచం కిందకి దూరేది. జేబులో మూత దొరికిన రోజుకి ముందురోజు ఏలూరు తీసుకెళ్తే డాక్టరు గారి గదిలోనూ అదే వరస.

"ఇంట్లో ఎవరైనా దీన్ని కంగారుగా లాగేస్తున్నారామ్మా?" అని అడిగారు ఆవిడ. "పెద్దవాళ్ళ మొహంలో భయం చూసి, మూత పెడితే తనకేదో అవుతుందని అనుకుంటోంది. వానలు ముదిరి జలుబులు మొదలయ్యాయంటే నేను గొట్టం తీయలేను. మళ్ళీ వచ్చే ఎండాకాలమే."

వచ్చే ఎండాకాలం అంటే ఇంకో ఏడాది. బడి తెరిచారు. గొట్టంతో ఉన్న పిల్లని మేం చూసుకోలేమండీ, తీయించి తీసుకురండి అని హెడ్ మిస్ట్రెస్ గుమ్మంలోంచే పంపేశారు. ఆవిడ మీద కోపం ఉంది నాకు. కానీ ఆవిడ బయటి మనిషి. ఈ మూత దొరికింది నా ఇంట్లో, నా మొగుడి జేబులో.

సాక్ష్యంతో సహా పట్టుకోవాలనుకున్నాను. మర్నాడు తెల్లవారుతూనే ఆయన ఎప్పటిలాగే పిల్లని తీసుకుని చెరువు గట్టుకి బయల్దేరారు. నేను మూత పెట్టి, వేలికి క్లిప్పు పెట్టి మరీ పంపాను. కాసేపాగి వెనకే వెళ్ళాను.

గట్టు మీద రేకుల షెడ్డులో, నీళ్ళకి దూరంగా నులక మంచం మీద పిల్ల కూర్చుని ఉంది. ఆయన నీళ్ళ వైపు చూస్తున్నారు. రాత్రంతా మబ్బు పట్టి ఉంది కదా, చేపలు పైకొచ్చాయి. నీటి మీద ఎటు చూసినా గుండ్రటి మూతులు తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఆయన పరిగెత్తి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు వేశారు. చక్రాలు తిరిగి నీళ్ళు తెల్లగా చిమ్మడం మొదలయ్యాక ఇటు తిరిగారు. నీళ్ళని చూసిన కళ్ళతోనే పిల్లని చూశారు. సాయిదుర్గ నోరు తెరుచుకుని ఉంది. ఏరేటర్లని చూసి ముచ్చటపడి తెరిచిందో, ఊపిరికే తెరిచిందో, అంతే. ఆయన మొహం పాలిపోయింది. రెండంగల్లో వచ్చి మూత పీకేశారు. పిల్ల బెదిరి చప్పుడు లేకుండా ఏడ్చింది.

నాది తాడేపల్లిగూడెం. మా వైపు ఎంత కోపమొచ్చినా మాట చివర అండీ పోదు.

"ఏవండీ! మీకు బుద్ధుందా అండీ?"

ఆయన ఉలిక్కిపడ్డారు. మూత పిడికిట్లో దాచారు, బెల్లం ముక్క దొంగిలించినట్టు.

"నోరు తెరుస్తోందే భవానీ. గాలి చాలట్లేదు దానికి."

"చాలట్లేదని ఎవరు చెప్పారండీ మీకు?"

"ఒకరు చెప్పాలా? మీసాలు రాకముందు నించీ ఈ చెరువుల మీదే ఉన్నాను. తెల్లారగట్ల చేప పైకొచ్చి నోరు తెరిచిందంటే ఆక్సిజన్ పడిపోయినట్టే. అప్పుడు ఆలోచిస్తా కూర్చుంటే ఎండెక్కేసరికి చెరువంతా తెల్లగా తేలిపోద్ది."

"ఇది చేపాండీ? చేపకి ముక్కుందా అండీ? నోరు తెరిస్తే కంగారు పడొద్దని డాక్టరు గారు చెప్పారని మీకు అన్నంతో పాటు వడ్డించాను కదండీ! డొక్కలో గుంటలు పడ్డాయా? పెదాలు నీలమయ్యాయా? వేలికి క్లిప్పు ఉంది, చూశారా అసలు?"

"చూశాను. తొంభై ఏడు ఉంది."

"మరి?"

"మిషన్ని నమ్ముకోమంటావేంటి? కిందటేడు ఆక్సిజన్ మీటరు బాగుందని చెప్పిన రోజే కదా మనం సగం చెరువు పోగొట్టుకుంది. నా కంటికి కనపడేదే నేను నమ్ముతాను."

అరిచే మనిషైతే నేనూ అరిచి గెలిచేదాన్ని. ఆయన గొంతు తగ్గిపోయింది. మంచం పట్టె మీద కూర్చుని, నేలకేసి చూస్తూ చెప్పారు. "దానికి ఊపిరి ఆగిన రోజు నువ్వు లేవు. మీ తమ్ముడి పెళ్ళిచూపులకి గూడెం వెళ్ళావు. గొట్టంలో కఫం గడ్డకట్టేసింది. సక్షన్ మిషన్ పెడితే లాగలేదు. కళ్ళు తేలేసింది, ఒళ్ళు నీలంగా అయిపోయింది. ఈ చేతుల్తోనే ఆ గొట్టం లాగేసి, కొత్తది దూర్చాను. అప్పుడు ఎర్రబడింది మళ్ళీ. ఆ గొట్టం దాని ప్రాణమే. దాన్ని బిరడా పెట్టి మూసెయ్యమంటావు, నేను చూస్తా ఊరుకోవాలి."

నాకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు. ఆ రోజు కథ నాకు తెలియంది కాదు. ఆ రోజు ఆయన లేకపోతే ఈ రోజు పిల్ల లేదు. అలాగని అది జన్మంతా గొట్టంతోనే ఉండాలా? ఒకసారి బతికించిన మనిషికి పిల్ల నోరు నొక్కేసే హక్కు వచ్చేస్తుందా? ఆయన భయం తీరడానికి ఆరేళ్ళ పిల్ల మూగదైపోవాలా? ఇవన్నీ పైకే అడిగాను. ప్రతి ప్రశ్నకీ చివర అండీ పెట్టే అడిగాను. పక్క చెరువు వాళ్ళు గట్టెక్కి విన్నారు. విననీ అనుకున్నాను.

ఇంటికొచ్చి సంచీ సర్దాను. సక్షన్ మిషన్, అదనపు గొట్టాలు, వాటిని మెడకి కట్టే నాడాలు, పిల్ల గౌన్లు. మా అత్తగారు సుబ్బాయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ప్రేమ కొద్దీ చేశాడమ్మా. వాడికి తెలీక."

"ప్రేమ ఉంటే ఆ చేతులు రెండూ కట్టుకుని కూర్చోమనండి అత్తయ్యా. గొట్టం తీయించాకే వస్తాం."

కైకలూరు వెళ్ళి ఏలూరు బస్సు ఎక్కాం. ఏలూరులో గూడెం రైలు. రైలు కదిలాక పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని సంచీలోంచి మూత బయటికి తీశాను. మెడ మూసుకుంది. కాళ్ళు తన్నింది. "పెడతాను. తీయను. నీకేమన్నా అయితే నాకు తెలుస్తుంది," అన్నాను. మూత పెట్టాను. అది నోరు తెరుచుకుని గబగబా పీలుస్తోంది, ఆయన చూసింది సరిగ్గా ఇదే. నా చెయ్యి కూడా లేవబోయింది. చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. డొక్క చూశాను, పెదాలు చూశాను, క్లిప్పు చూశాను. అన్నీ బాగున్నాయి. నా మొహంలో భయం కనపడకూడదని నవ్వుతూ కూర్చున్నాను. అంత కోపంలో నవ్వడం ఎంత కష్టమో నాకే తెలుసు.

భీమడోలు దగ్గర పడుతుంటే నోరు దానంతట అదే మూసుకుంది. ముక్కుతో పీలుస్తోంది. స్టేషన్లో సమోసాలబ్బాయి ఎక్కాడు. "నాకు కావాలి," అంది సాయిదుర్గ, నేను చెప్పేలోపే. అతను నా వైపు చూడకుండా దానికే కాగితంలో పెట్టి ఇచ్చాడు. "కారంగా ఉంటుంది పాపా," అని కూడా దానికే చెప్పాడు. నాకు ఎందుకో చిన్నతనంగా అనిపించింది.

గూడెంలో మా పుట్టింట్లో మూత పొద్దున్న పెడితే నిద్రకి ముందే తీయడం. మొదటి రోజు కాస్త గునిసింది. తరవాత మూత సంగతే మర్చిపోయింది. మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంక ఆగలేదు. కాకితో, గేదెతో, మా వీధిలో ఆగే ఉల్లిపాయల లారీల వాళ్ళతో, టీవీతో. ఆరేళ్ళ మాటలు లోపల నిలవున్నాయి కాబోలు. "ఒసేవ్, కాసేపు ఆ మూత తీసెయ్యవే," అంది మా అమ్మ సరదాకి. ఆ మాట కూడా నాకు సరదాగా అనిపించలేదు.

మా ఆయన రోజూ ఫోన్ చేసేవారు. నేను ఎత్తేదాన్ని కాదు. ఒకరోజు నేను స్నానానికి వెళ్ళినప్పుడు మోగితే సాయిదుర్గ ఎత్తింది. నేను తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి ఫోన్ స్పీకర్లో ఆయన గొంతు వినపడుతోంది.

"ఎవరమ్మా మాట్లాడేది? ఓసారి భవానీకి ఇవ్వమ్మా. నేను మండవల్లి నించి."

ఫోన్ లాక్కున్నాను. "అది మీ కూతురండీ."

నా కోపం పొంగుకొచ్చింది. ఒక తండ్రి తన కూతురి గొంతు గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతారు? వినేంతసేపు మూత ఉంచితే కదా! ఆయన ఎదుటపడితే పిల్ల బెదిరి నోరు మెదిపేది కాదు, మెదిపేలోగా ఆయన పీకేసేవారు. అదే చెప్పాను. ఇంకా చాలా చెప్పేదాన్నే గానీ, ఆయన, "ఓసారి దానికివ్వవే," అన్నారు. ఇచ్చాను. ఏం తిన్నావమ్మా అని అడిగినట్టున్నారు. అది పొద్దుటి నుంచీ తిన్నవన్నీ చెప్పింది. తిననివి కూడా చెప్పింది.

చివరికి ఏలూరులో చేర్చుకున్నారు. రాత్రి మూతతోనే నిద్రపోయింది, అంకె ఎక్కడా పడలేదు. పొద్దున్న డాక్టర్ గుల్నాజ్ గారు మెడ వెనక నాడాలు కత్తిరించి గొట్టం పట్టుకుని లాగారు. దానికోసం ఆరేళ్ళు మేం పడిన పాట్లేమిటి, అది అలా జారి వచ్చేయడమేమిటి! దాని మీద కూడా కోపమొచ్చింది నాకు. రంధ్రం మీద గాజుగుడ్డ మడత పెట్టి ప్లాస్టరు వేశారు. కొన్నాళ్ళకి దానంతట అదే పూడుకుంటుందన్నారు. అప్పటిదాకా మాట్లాడేటప్పుడు గాలి బయటికి పోకుండా గాజుగుడ్డ మీద వేళ్ళతో నొక్కుకోవాలని నర్సు మరియంబీ గారు పిల్లకి నేర్పారు. ఒక్కసారి చూపిస్తే నేర్చుకుంది.

మధ్యాహ్నానికి మా ఆయన వచ్చారు. తల నున్నగా దువ్వుకుని, పెళ్ళికొచ్చినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. చేతిలో కవరు. అందులో కొత్త గొట్టం, సీలు విప్పనిది.

"ఇదెందుకండీ?"

"ఎందుకైనా మంచిది కదా."

పిల్ల నిద్రపోతోంది. వేలికి క్లిప్పు, పక్కన మానిటరు, ఆకుపచ్చ గీత నిదానంగా నడుస్తోంది. ఆయన మానిటరు చూడలేదు. స్టూలు లాక్కుని పిల్ల మొహం మీదకి వంగి కూర్చున్నారు. కాసేపటికి నిద్రలో సాయిదుర్గ నోరు తెరుచుకుంది.

ఆయన దిగ్గున లేచారు. స్టూలు పడిపోయింది. "డాక్టరు గారిని పిలవండమ్మా! చాలట్లేదు దానికి! మళ్ళీ పెట్టెయ్యమనండి!" కవరు చింపుతున్నారు. మరియంబీ గారు, "బాగుందండీ, తొంభై ఎనిమిదుందండీ, చూడండి," అంటున్నా వినిపించుకోవడం లేదు. గొట్టం బయటికి తీసి, రెండో చేత్తో పిల్ల మెడ మీద ప్లాస్టరు అంచు పట్టుకోబోయారు.

నేను ఆ చెయ్యి పట్టుకుని అవతలికి విసిరికొట్టాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. "తాకారంటే ఊరుకోనండీ! చేపల్ని చూసిన కళ్ళతో నా పిల్లని చూశారంటే ఆ కళ్ళు పీకేస్తానండీ! ఆరేళ్ళండీ! ఆరేళ్ళు దానికి నోరు లేకుండా..." వార్డంతా మా వైపు తిరిగింది. నాకు ఆగాలని లేదు. ఇన్నాళ్ళ నుంచి కూడబెట్టుకున్నదంతా అక్కడే కుమ్మరిస్తున్నాను.

సాయిదుర్గకి మెలకువ వచ్చేసింది. ఆయన చేతిలో గొట్టం చూసింది. ఎప్పటిలా మెడ మూసుకుని మంచం కిందకి దూరుతుందేమోనని భయపడ్డాను. చెయ్యి మెడ మీదకే వెళ్ళింది. కానీ దాచుకోవడానికి కాదు. రెండు వేళ్ళతో గాజుగుడ్డ నొక్కుకుంది.

"నాన్నా, బయటికెళ్ళు."

ఆయన గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఏంటమ్మా?"

"బయటికెళ్ళు. నాకు నిద్రొస్తోంది. నాకు బాగానే ఉంది."

బొంగురు గొంతు. కానీ వార్డు చివర బెడ్డు దాకా వినపడింది. ఆయన గొట్టాన్ని చిరిగిన కవర్లో పెట్టి, తలవంచుకుని గుమ్మం వైపు నడిచారు.

"విన్నారాండీ? అదే చెప్పింది. ఇప్పటికైనా వినండి!" అన్నాను వెనక నుంచి.

"నువ్వు కూడా," అంది సాయిదుర్గ.

"నేనా?"

"నువ్వు కూడా వెళ్ళమ్మా. ఎప్పుడూ నువ్వే అరుస్తావు."

మరియంబీ గారు నవ్వు ఆపుకుంటూ మానిటరు వైపు తిరిగారు. నేను చూసుకుంటానులెండి అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

బయట వరండాలో బల్ల మీద ఆ చివర ఆయన, ఈ చివర నేను. ఆయన ఇస్త్రీ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండుతోంది. నేను దాని కోసం మాట్లాడటం అరవడమా? నేను అరవకపోతే ఈ రోజు ఆ మెడలో ఏముండేది? లోపల్నుంచి దాని గొంతు వస్తూనే ఉంది. నిద్రా లేదు, ఏమీ లేదు, మరియంబీ గారితో ఏదో చెప్తోంది. ఏం చెప్తోందో బల్ల దాకా వినపడటం లేదు. లేచి తలుపు దగ్గరికి వెళ్ళబోయి, ఆగి, మళ్ళీ కూర్చున్నాను.

ఎవరి తాలూకో ఒకావిడ ఫ్లాస్కుతో వచ్చి మా మధ్య ఖాళీలో కూర్చుంది. వార్డు గుమ్మం వైపు చూసి, "లోపల మీ పాపాండీ? ఏమైందండీ పాపకి?" అని అడిగింది.

నోరు తెరిచాను. నెలలు నిండకుండా పుట్టింది అన్న దగ్గర్నుంచి మొత్తం కథ నాలుక మీదే ఉంది.

"లోపలే ఉందండీ," అన్నాను. "దాన్నే అడగండి."